రాయి నీళ్లలోకి ఎట్లా దిగుతుంది? ఆర్సెనిక్, ఫ్లోరైడ్, మన పాలమూరు బోర్లు

కోడేరులో ఎవరింటికి వెళ్లినా నీళ్లకు పేర్లుంటాయి. తాగే నీళ్లు వేరు, వాడుకునే నీళ్లు వేరు, చేను దగ్గర మోటరు నీళ్లు వేరు. తాగే నీళ్లలోనే మళ్లీ నల్లా నీళ్లు, ఫిల్టర్ నీళ్లు అని రెండు రకాలు. పేర్లన్నీ నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో చెప్తాయి గానీ లోపల ఏముందో చెప్పవు. ఈ నెల మన సైన్స్ పేజీలో ఆ "లోపల ఏముంది" గురించే రాద్దామనుకున్నాను. ఫ్యాక్టరీ కలిపిన విషం గురించి కాదు, ఎవ్వరూ కలపకుండానే భూమిలోంచి నీళ్లలోకి వచ్చే వాటి గురించి. వాటిలో పెద్దవి రెండు: ఆర్సెనిక్, ఫ్లోరైడ్. మొదటిది ప్రపంచమంతా వార్తల్లో ఉంది. రెండోది మన ఇంట్లో ఉంది.

ముందు ఆర్సెనిక్ కథ చెప్తాను. ఎందుకంటే మన కథ అర్థం కావాలంటే అది పనికొస్తుంది.

1970ల నుంచి బంగ్లాదేశ్‌లో ఊరూరా చేతిపంపులు వేశారు. అంతకుముందు జనం చెరువుల్లో, కుంటల్లో నీళ్లు తాగేవాళ్లు. వాంతులు, విరేచనాలతో పసిపిల్లలు చనిపోయేవాళ్లు. యునిసెఫ్, అక్కడి ప్రభుత్వం కలిసి "పైనీళ్లు వద్దు, భూమిలోపలి నీళ్లు శుభ్రం" అన్నాయి. క్రిముల విషయంలో ఆ మాట నిజమే. అది చూసి జనం సొంత ఖర్చుతో కూడా పంపులు దింపుకున్నారు, అవి లక్షల్లోకి వెళ్లాయి. కానీ ఆ నీళ్లలో ఆర్సెనిక్ ఉంది. 1980ల మొదట్లోనే పక్కనున్న పశ్చిమ బెంగాల్‌లో కలకత్తా చర్మవైద్యుడు కె.సి. సాహా దగ్గరికి అరచేతులు గట్టిపడి, ఒంటి మీద వాన చినుకుల్లాంటి మచ్చలొచ్చిన పేషెంట్లు రావడం మొదలైంది. బంగ్లాదేశ్‌లో 1993లో బయటపడింది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వచ్చిన ఒక వ్యాసం మూడున్నర కోట్ల నుంచి ఏడు కోట్ల డెబ్బై లక్షల మంది దాకా ప్రమాదంలో ఉన్నారని లెక్కగట్టింది. చరిత్రలో ఒక జనాభా మొత్తానికి జరిగిన అతిపెద్ద విషప్రయోగం ఇదే అని కూడా రాసింది. ఇందులో విషం పెట్టినవాడు ఎవడూ లేడు.

ఆ ఆర్సెనిక్ హిమాలయాల నుంచి వచ్చింది. కొండల రాళ్లు అరిగి, ఇసుకగా, బురదగా మారి గంగ, బ్రహ్మపుత్ర వెంట కొట్టుకొచ్చాయి. ఇసుక రేణువుల మీద ఇనుము తుప్పు పొరలా ఉంటుంది, ఆర్సెనిక్ ఆ తుప్పుకు అతుక్కుని ఉంటుంది. అట్లా ఉన్నంతసేపు దాంతో ఏ ఇబ్బందీ లేదు. కానీ డెల్టా మట్టిలో ఆకులు, అలములు పూడుకుపోయి ఉంటాయి. లోపల గాలి ఆడదు. ఆక్సిజన్ లేనప్పుడు కొన్ని బ్యాక్టీరియా ఆ తుప్పునే వాడుకుని బతుకుతాయి. తుప్పు కరిగిపోతుంది, దానికి అంటుకున్న ఆర్సెనిక్ నీళ్లలోకి జారుతుంది. అంతే. రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు.

ఇందులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఒక కోర్టు కేసు. 1992లో బ్రిటిష్ జియలాజికల్ సర్వే వాళ్లు బంగ్లాదేశ్‌లో 150 దాకా బావుల నీళ్లు పరీక్షించారు. చాలా మూలకాలు కొలిచారు. ఆర్సెనిక్ కొలవలేదు. రిపోర్టులో ఆర్సెనిక్ ఊసే లేదు. తర్వాత బాధితుల తరఫున కేసు పడింది, 2006లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది, అక్కడ కొట్టేశారు. ఆ సర్వే చేసినవాళ్లకు బంగ్లాదేశ్ జనం మొత్తం పట్ల చట్టపరమైన బాధ్యత లేదన్నారు. తీర్పు సంగతి లాయర్లు మాట్లాడుకుంటారు. మన సీఎస్ వాళ్లకు మాత్రం ఇందులో బాగా తెలిసిన విషయం ఒకటుంది. డేటాబేస్‌లో నల్ వేరు, జీరో వేరు. "కొలవలేదు" అంటే "లేదు" అని కాదు. ఫస్టియర్ ల్యాబ్‌లో ఇది కలిపేస్తే ఎర్రర్ వస్తుంది. నీళ్ల రిపోర్టులో కలిపేస్తే ఎర్రర్ మెసేజ్ రాదు, పదేళ్ల తర్వాత చర్మం మీద మచ్చలొస్తాయి.

సరే, మరి మన దగ్గర ఆర్సెనిక్ ఉందా? హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు ప్రాంతంలో కనిపించిన ఆర్సెనిక్ పరిశ్రమల వ్యర్థాలది, సహజమైనది కాదు. సహజంగా వచ్చిన ఆర్సెనిక్ మనకు దగ్గర్లో చూడాలంటే కృష్ణకు ఎగువన, కర్ణాటకలోని యాదగిరి జిల్లాకు పోవాలి. సురపురం తాలూకాలో కిరదళ్లి తాండా అనే లంబాడీల ఊరుంది. ఒకప్పుడు బంగారం తవ్విన మంగళూరు గనుల దగ్గర (సముద్రం ఒడ్డున ఉన్న మంగళూరు కాదు, ఇది వేరు). బంగారం ఉండే రాళ్లలో ఆర్సెనోపైరైట్ అనే ఖనిజం తరచూ ఉంటుంది. ఇనుము, ఆర్సెనిక్, గంధకం కలిసిన రాయి అది. గాలి, నీరు తగిలితే ఆర్సెనిక్‌ను వదులుతుంది. ఆ తాండాలో నీళ్లు తాగినవాళ్లకు చర్మం జబ్బులు వచ్చాయని జాదవ్‌పూర్ యూనివర్సిటీకి చెందిన దీపాంకర్ చక్రవర్తి బృందం 2013లో ప్రచురించింది. బెంగాల్‌లో ఆర్సెనిక్ మీద దశాబ్దాలు పనిచేసిన శాస్త్రవేత్త ఆయన.

ఆ రాళ్లను గ్రీన్‌స్టోన్ అంటారు, శిస్ట్ బెల్ట్ అని కూడా అంటారు. మన గద్వాల దగ్గర ఉన్నది కూడా శిస్ట్ బెల్టే. దీన్ని చూసి "గద్వాలలో ఆర్సెనిక్" అని వాట్సాప్‌లో పెట్టకండి ప్లీజ్! అలాంటి జాతి రాయి ఉంటే ఆర్సెనిక్ కోసం పరీక్ష చేయడానికి ఒక కారణం ఉన్నట్టు, అంతవరకే. రాయి పేరు చూసి నీళ్లకు తీర్పు చెప్పలేం.

కోడేరు కింద ఉన్నది ఎక్కువగా గ్రానైట్, దాని చుట్టం నైస్. గుట్టల మీద గుండ్లు గుండ్లుగా కనిపించేది, క్రషర్లలో కంకర కొట్టేది అదే. గ్రానైట్ కథ ఆర్సెనిక్ కథ కాదు. ఫ్లోరైడ్ కథ.

గ్రానైట్‌ను దగ్గరగా చూస్తే తెలుపు, గులాబీ గింజల మధ్య మెరిసే నల్ల రేకులు కనిపిస్తాయి. అది బయోటైట్, అభ్రకంలో ఒక రకం. దాని నిర్మాణంలో హైడ్రాక్సిల్ ఉండాల్సిన గదుల్లో కొన్ని చోట్ల ఫ్లోరైడ్ కూర్చుని ఉంటుంది. రెండింటి సైజు దాదాపు ఒకటే, ఛార్జి కూడా ఒకటే. అందుకే ఒకదాని సీట్లో ఇంకొకటి సరిపోతుంది. ఇంకా ఫ్లోరైట్, అపటైట్ అనే ఖనిజాల్లో కూడా ఫ్లోరైడ్ ఉంటుంది. ప్రపంచంలో గ్రానైట్లు కిలోకు సగటున 810 మి.గ్రా. ఫ్లోరైడ్ కలిగి ఉంటాయని పుస్తకాల్లో రాస్తారు. నల్గొండ గ్రానైట్లలో 325 నుంచి 3200 మి.గ్రా. దాకా ఉన్నట్టు 1990లలో కొలిచారు.

రాయిలో ఉంటే మాత్రం నీళ్లలోకి ఎందుకు రావాలి? వాన నీళ్లు మట్టిలోంచి దిగేటప్పుడు కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుంటాయి. అవి రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి కూర్చుంటే ఫెల్‌స్పార్ మెల్లగా కరిగి సోడియం, బైకార్బొనేట్ నీళ్లలోకి వస్తాయి. నీళ్లు క్షారగుణానికి మారతాయి. క్షారం అంటే హైడ్రాక్సిల్ ఎక్కువ. ఆ హైడ్రాక్సిల్ పోయి బయోటైట్‌లో ఫ్లోరైడ్ సీట్లో కూర్చుంటుంది, ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది.

ఇక్కడ అసలు కాపలాదారు కాల్షియం. కాల్షియం, ఫ్లోరైడ్ రెండూ నీళ్లలో ఎక్కువైతే కలిసి గడ్డకట్టి కిందికి దిగిపోతాయి. ఇంటర్‌లో చదివిన సాల్యుబిలిటీ ప్రాడక్ట్ గుర్తుందా? కాల్షియం గాఢతను ఫ్లోరైడ్ గాఢత వర్గంతో గుణిస్తే వచ్చేదానికి ఒక హద్దుంటుంది. లెక్క వేసి చూడండి: లీటరులో 40 మి.గ్రా. కాల్షియం ఉంటే ఫ్లోరైడ్ ఉజ్జాయింపుగా 3 మి.గ్రా. దగ్గర ఆగుతుంది. కాల్షియం 10 మి.గ్రా.కు పడిపోతే ఫ్లోరైడ్ 6 దాకా పోగలదు. కాల్షియం నాలుగో వంతయితే ఫ్లోరైడ్ హద్దు రెట్టింపన్నమాట. మరి కాల్షియం ఎందుకు తగ్గుతుంది? మన దగ్గర వాన తక్కువ, ఎండ ఎక్కువ. నీళ్లు ఆవిరై చిక్కబడితే కాల్షియం ముందుగా సున్నంగా విడిపోతుంది. చేను తవ్వినప్పుడు తెల్లగా, ఉండలు ఉండలుగా వచ్చే సున్నపు గడ్డలు అవే. కాపలాదారు అట్లా డ్యూటీ దిగిపోయాక ఫ్లోరైడ్‌కు అడ్డం లేదు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇంట్రెస్టింగ్‌గా అనిపించిన విషయం. మా అవ్వలాంటివాళ్లు నీళ్లను ఎట్లా పరీక్షిస్తారు? కందిపప్పు తొందరగా ఉడికితే మంచి నీళ్లు. సబ్బు నురగ బాగా వస్తే మంచి నీళ్లు. నాలుక మీద సప్పగా ఉంటే మంచి నీళ్లు. ఈ మూడు పరీక్షలూ నిజమైన సైన్సే, నవ్వడానికి ఏం లేదు. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే పప్పు ఉడకదు, నురగ రాదు. అంటే అవి కాఠిన్యాన్ని కొలుస్తాయి, చాలా బాగా కొలుస్తాయి. కానీ పైన చెప్పిన లెక్క చూడండి. ఫ్లోరైడ్ ఎక్కువగా పేరుకునేది కాల్షియం తక్కువగా, సోడియం బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్న నీళ్లలో. సోడియం బైకార్బొనేట్ అంటే వంటసోడా! శనగలు ఉడకడానికి చిటికెడు వేస్తామే, అదే. కాబట్టి ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు పప్పు పరీక్షలో ఫస్ట్ క్లాసులో పాసయ్యే అవకాశం బాగా ఉంది. అవ్వ తప్పేం లేదు. ఆమె చేతిలోని పరీక్ష ఇంకో ప్రశ్నకు జవాబు చెప్తుంది.

రాయిలో జరిగిన సీట్ల మార్పిడే ఒంట్లో తిరగబడుతుంది. మన ఎముక, పంటి పింగాణీ రెండూ హైడ్రాక్సీ అపటైట్ అనే కాల్షియం ఖనిజంతో తయారవుతాయి. రాయిలో ఫ్లోరైడ్‌ను లేపి హైడ్రాక్సిల్ కూర్చుంది కదా. పంటిలో హైడ్రాక్సిల్‌ను లేపి ఫ్లోరైడ్ కూర్చుంటుంది. కొద్దిగా అయితే పన్ను గట్టిపడుతుంది, టూత్‌పేస్టులో వేసేది అందుకే. ఎక్కువైతే పళ్లు తయారయ్యే వయసులో, అంటే దాదాపు ఎనిమిదేళ్ల లోపు, పింగాణీ సరిగ్గా ఏర్పడదు. ముందు సున్నం రంగు మచ్చలు, తర్వాత పసుపు, గోధుమ రంగు గీతలు. ఊర్లో "గార పళ్లు" అంటారు, తోమడం లేదని పిల్లల్ని తిడతారు. తేడా తెలుసుకోవడం కష్టం కాదు. గార పంటి మీద, చిగురు పక్కన ఉంటుంది, గీకితే పోతుంది. ఫ్లోరైడ్ మచ్చ పింగాణీ లోపల ఉంటుంది, కుడి ఎడమల జత పళ్ల మీద ఒకేలా అడ్డగీతలుగా ఉంటుంది, ఎంత తోమినా పోదు. పెద్దయ్యాక నీళ్లు మార్చినా ఆ మచ్చ అట్లనే ఉంటుంది. ఆ పిల్లవాడు చిన్నప్పుడు ఏ నీళ్లు తాగాడో చెప్పే రికార్డు అది.

ఇంకా ఎక్కువ ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి పోతే ఎముకల దగ్గరికొస్తుంది. మెడ, నడుము బిగుసుకుపోతాయి. ఎముక బరువెక్కుతుంది గానీ బలం రాదు. వెన్ను వంగిపోతుంది, నరాలు నొక్కుకుపోతాయి. వంగిన ఎముకను వెనక్కి తెచ్చే మందు లేదు.

తెలుగు నేలకు ఈ విషయంలో ఒక చేదు రికార్డుంది. మన దేశంలో మనుషుల్లో ఫ్లోరోసిస్ గురించి మొదట వివరంగా రాసింది ఇక్కడి ఊళ్ల గురించే. అప్పటి మద్రాస్ ప్రెసిడెన్సీలో, నెల్లూరు జిల్లాలో ఉండి తర్వాత ప్రకాశంలో కలిసిన పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతం. షార్ట్ అనే డాక్టరు, తోటివాళ్లు 1937లో ప్రచురించారు. నల్గొండ గురించి 1955లో ఎ.హెచ్. సిద్దిఖీ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. 1973లో మన హైదరాబాద్ ఎన్.ఐ.ఎన్. శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కృష్ణస్వామి ఫ్లోరోసిస్ ప్రాంతంలో పిల్లలకు మోకాళ్లు లోపలికి వంగిపోవడం గురించి లాన్సెట్‌లో రాశారు. జొన్న తినేవాళ్ల ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువ నిలుస్తుందని కూడా తర్వాత అదే సంస్థ చూపించింది. దీన్ని పట్టుకుని జొన్నరొట్టె మానేయమని ఎవరైనా అంటే వినకండి. మార్చాల్సింది నీళ్లు, రొట్టె కాదు.

అంటే 1955 నాటికే జబ్బు తెలుసు, కారణం తెలుసు, ఊరి పేర్లు కూడా తెలుసు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండలో 480 మంది పోటీ చేశారు. ఒక పార్లమెంటు సీటుకు అంతమంది ఎప్పుడూ నిలబడలేదు. కృష్ణ నీళ్లు ఇవ్వండి అని అడగడానికి దుశర్ల సత్యనారాయణ నడిపిన జలసాధన సమితి ఎంచుకున్న దారి అది. బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయ్యింది, ఎన్నిక వాయిదా వేయాల్సి వచ్చింది. ఆ తర్వాత డిపాజిట్ డబ్బు పెంచారు. నీళ్లు ఆలస్యంగా వచ్చాయి గానీ డిపాజిట్ సవరణ మాత్రం టైముకు వచ్చింది. ఆ పోరాటానికి ముఖంగా నిలిచినవాళ్లలో మర్రిగూడ మండలం శివన్నగూడేనికి చెందిన అంశాల స్వామి ఒకరు. చిన్నప్పుడే ఫ్లోరోసిస్‌తో ఒళ్లంతా వంగిపోయినా ఊరూరా తిరిగి దీని గురించి మాట్లాడారు. 2023 జనవరిలో చనిపోయారు.

నల్గొండ పేరు సైన్సు పుస్తకాల్లో ఇంకో రకంగా కూడా ఉంది. నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో తయారుచేసిన "నల్గొండ టెక్నిక్". పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో వేసి బాగా కలుపుతారు. అల్యూమినియం తెట్టెలు కడుతుంది, ఫ్లోరైడ్ దానికి పట్టుకుని అడుగుకు దిగుతుంది, పైన తేట నీళ్లు వడకట్టుకోవాలి. ఆఫ్రికాలో టాంజానియా, కెన్యా దాకా వెళ్లింది మన జిల్లా పేరు. అయితే పటిక రాయిని బిందెలో రెండు తిప్పులు తిప్పితే చాలనుకోవద్దు. దాంతో బురద దిగుతుంది, అంతే. ఫ్లోరైడ్ దిగాలంటే లీటరుకు వందల మి.గ్రా. పటిక కావాలి, నీళ్ల గుణాన్ని బట్టి సున్నం లెక్క మారాలి, అడుగున మిగిలిన బురదను రోజూ తీసి పారేయాలి. ఇంటి దగ్గర ఎవరు చేస్తారు ఇదంతా? టెక్నిక్ బాగుంది, రోజూ చేసే మనిషి లేక ఎన్నో చోట్ల ఆగిపోయింది.

మిగిలిన వాటి గురించి త్వరగా చెప్పేస్తా. మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టర్, యూవీ లైటు క్రిములకు మాత్రమే. ఆర్వో చాలా వరకు తీసేస్తుంది, కానీ దాంట్లోంచి వదిలేసే నీళ్లలో ఆ ఫ్లోరైడ్ అంతా చిక్కగా ఉంటుంది, అది మళ్లీ మోరీలోంచి భూమిలోకే పోతుంది. అన్నిటికన్నా మంచిది నీళ్ల మూలాన్నే మార్చడం. తెలంగాణలో మిషన్ భగీరథ చేసింది అదే. 2015 జూన్‌లో దాని పైలాన్‌ను ఫ్లోరైడ్ ప్రాంతమైన చౌటుప్పల్‌లో పెట్టారు, 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రారంభించారు. మన వైపు శ్రీశైలం వెనుక జలాలను కొల్లాపూర్ దగ్గర ఎల్లూరులో ఎత్తిపోసి, శుద్ధి చేసి పంపిస్తారు. నది నీళ్లు రాతి పగుళ్లలో ఏళ్లకు ఏళ్లు కూర్చోవు కాబట్టి ఫ్లోరైడ్ తక్కువ. కృష్ణ పక్కనే పారుతుంటే మనం వందల ఫీట్ల లోపలి రాయిని పిండుకుని తాగాం ఇన్నాళ్లు. ఇది తలుచుకుంటే కొంచెం కోపంగానే ఉంటుంది.

అయితే నల్లా వచ్చింది కదా, ఇంకెందుకీ పాఠం అంటారా? చేనులో పనిచేసేవాళ్లు ఏం తాగుతున్నారో చూడండి. పొద్దున బాటిల్‌లో తీసుకెళ్లిన నల్లా నీళ్లు పదకొండింటికే అయిపోతాయి. తర్వాత మోటరు పైపు దగ్గర దోసిలి పట్టడమే. ఇప్పుడు ఒక చిన్న లెక్క. ఫ్లోరైడ్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 1.5 మి.గ్రా. మన బి.ఐ.ఎస్. ప్రమాణం 1.0 మి.గ్రా. లోపు మంచిది, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఓకే అంటుంది. ఇట్లాంటి హద్దులు పెట్టేటప్పుడు మనిషి రోజుకు రెండు లీటర్లు తాగుతాడని అనుకుంటారు. ఏప్రిల్‌లో పాలమూరు ఎండలో మిరప ఏరే మనిషి ఆరు లీటర్లు తాగడం పెద్ద విషయం కాదు. ఆరు లీటర్లు, ఒక్కోదాంట్లో 1.5 అంటే రోజుకు 9 మి.గ్రా. రోజుకు 6 మి.గ్రా. దాటితే ఎముకలకు ముప్పు ఉండొచ్చనీ, 14 దగ్గర ఆ ముప్పు స్పష్టంగా కనిపిస్తోందనీ 2002లో అంతర్జాతీయ నిపుణుల సమీక్ష చెప్పింది. అంటే "పాస్" అయిన నీళ్లే ఈ మనిషి విషయంలో ఫెయిల్. 3 మి.గ్రా. ఉన్న బోరు అయితే ఆరు లీటర్లకు 18. ఇంకా చాయ్ కలపలేదు, తేయాకులో సొంతంగా ఫ్లోరైడ్ ఉంటుంది. అమెరికా వాళ్లు 1962లోనే ఊరి ఎండను బట్టి ఫ్లోరైడ్ హద్దును మార్చారు, వేడి ఊళ్లకు తక్కువ. మనకు అట్లాంటి పట్టిక ఒకటి ఉంటే బాగుండేది అని నా అభిప్రాయం. ఏసీ ఆఫీసులో కూర్చున్నవాడికీ, నాట్లేసే ఆమెకూ ఒకటే అంకె న్యాయం కాదు.

పోల్చుకోవడానికి, ఆర్సెనిక్ హద్దు లీటరుకు 0.01 మి.గ్రా. మాత్రమే. ఫ్లోరైడ్ హద్దులో 150వ వంతు. ఒక స్విమ్మింగ్ పూల్‌లో చిటికెడు. అందుకే ఆర్సెనిక్ కొలవడం కష్టం, దాన్ని వెతుక్కుంటూ పోయి కొలవాలి.

ఫ్లోరైడ్ కొలవడం మాత్రం మన చేతిలో పని. పంచాయతీల్లో వాడే ఫీల్డ్ టెస్ట్ కిట్‌లో ఒక ఎర్రటి రసాయనం ఉంటుంది, జిర్కోనియంతో కట్టిన రంగు. ఫ్లోరైడ్ వచ్చి జిర్కోనియంను లాక్కుంటుంది, రంగు గులాబీ నుంచి పసుపు వైపు జారుతుంది. కిట్‌తో ఇచ్చిన రంగుల కార్డు పక్కన పెట్టి చూడాలి. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్‌లో ప్రతి ఊర్లో ఐదుగురు ఆడవాళ్లకు ఈ కిట్ వాడటం నేర్పించాలని పెట్టారు. రంగు చూసి చెప్పేది ఉజ్జాయింపే. 1కి, 2కి మధ్య అనుమానంగా ఉంటే నీళ్లను ప్లాస్టిక్ బాటిల్‌లో పట్టి జిల్లా ల్యాబ్‌కు పంపాలి. గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజుతో పనిపెట్టుకుంటుంది.

మన క్లబ్‌లో కోడ్ రాసేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఒక మాట. "ఒక యాప్ చేద్దాం, మ్యాప్ మీద పచ్చ, ఎరుపు పెడదాం" అనే ఐడియా వెంటనే వస్తుంది. బంగ్లాదేశ్‌లో యాప్ లేకుండానే చేశారు. లక్షల పంపులు పరీక్షించి మూతికి రంగు వేశారు. ఎరుపు అయితే తాగొద్దు, ఆకుపచ్చ అయితే తాగొచ్చు. అక్కడ ఎర్ర పంపుకు కొన్ని పదుల మీటర్ల దూరంలోనే ఆకుపచ్చ పంపు ఉండేది, జనం నడిచిపోయి తెచ్చుకున్నారు. ఆ పని పట్టుకున్నవాళ్లకు అర్థమైంది ఇదే: పక్క బావి మంచిదైతే ఈ బావి మంచిదని అనుకోలేం. గ్రానైట్‌లో ఇది ఇంకా ఎక్కువ. ఇసుకలో నీళ్లు ఒక పొరలా ఉంటాయి. రాతిలో పగుళ్లలో ఉంటాయి. మీ బోరు ఒక పగులును తాకుతుంది, గోడ అవతల మామ బోరు ఇంకో పగులును తాకుతుంది. కాబట్టి నియరెస్ట్ నైబర్ పెట్టి తెలియని బోరుకు రంగు వేసే మోడల్ ఎవరైనా చేస్తే, దయచేసి ఆ రంగును ఊరికి చూపించొద్దు. సగటు కూడా అంతే. పది బోర్లలో తొమ్మిదింటిలో 0.6, ఒకదాంట్లో 6 ఉంటే సగటు 1.14 వస్తుంది, మండలం రిపోర్టులో పాస్. ఆ పదో బోరు నీళ్లు తాగే ఇంటికి ఈ పాస్‌తో ఏం పని?

నిజంగా పనికొచ్చేది మామూలు స్ప్రెడ్‌షీట్. బోరుకు ఒక వరుస. ఎక్కడుంది, ఏ తేదీన నీళ్లు పట్టాం, వానాకాలమా ఎండాకాలమా, కిట్ రంగు ఎంత చెప్పింది, ల్యాబ్ ఎంత చెప్పింది, ఈ నీళ్లు ఎవరు తాగుతున్నారు. కొలవని గడి ఖాళీగా వదలాలి, సున్నా పెట్టకూడదు. ఒకే బోరును ఎండాకాలంలో ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి చూడాలి, అంకె మారుతుంది. వీటిలో దొరకడానికి కష్టమయ్యేది లోతు. ఎన్ని ఫీట్లు అని అడిగితే "మూడొందలో, నాలుగొందలో" అంటారు. కానీ బోరు బండివాళ్లు ఫీటుకు ఇంత అని డబ్బు తీసుకుంటారు కాబట్టి వాళ్లిచ్చిన చీటీలో లోతు, కేసింగ్ ఎన్ని ఫీట్లు వేశారు అన్నీ రాసి ఉంటాయి. చాలా ఇళ్లలో ఆ చీటీ పట్టాదారు పాస్‌బుక్ కవర్లో, పాత కరెంటు బిల్లుల మధ్య మడతపెట్టి ఉంటుంది.